సెంగోడన్ లారీకి ప్రీమియం తగ్గిన వైనం

"ఇకమీదట మన నామక్కల్ లారీలకు యాక్సిడెంట్లు జరగవు. జరగకూడదని ప్రభుత్వం నిర్ణయించింది" అని రవాణా మంత్రి కదిర్వేల్‌గారు ప్రకటించారు. "సేఫ్టీ యంత్రాలు బిగించుకోండి. ఇన్సూరెన్స్ ప్రీమియం సగానికి సగం తగ్గిపోతుంది!"

పక్కనే కూర్చున్న ఇన్సూరెన్స్ ఆఫీసరు ఆదిమూలంగారు అవుననీ కాదనీ తేలకుండా తల ఊపారు. అంత బ్యాలెన్సుగా ఊపడం పెద్ద చదువులు చదివినవాళ్లకే సాధ్యం.

నా టైర్ల షాపు పక్కింటి సెంగోడన్ ఆ మాట నమ్మాడు. ఉన్నదొక్క లారీ. కేరళకు కోడిగుడ్లు తోలుతాడు. ప్రీమియం కట్టే నెలలో వాళ్లింట్లో ఒక్క గుడ్డు కూడా ఉడకదు. అప్పు చేసి రెండు యంత్రాలూ పెట్టించాడు. డ్రైవరు కళ్లు మూస్తే కెమెరా కేకేస్తుంది. ఎదురుగా ఎవరైనా అడ్డొస్తే బ్రేకు దానంతటదే పడుతుంది.

పథకం ప్రారంభోత్సవానికి మంత్రిగారు స్వయంగా సెంగోడన్ లారీ డ్రైవరు సీటెక్కారు. పార్టీ జిల్లా కార్యదర్శి మైకందుకుని ఆయన్ని పొగడడం మొదలుపెట్టాడు.

"మీరు నిద్రపోతున్నారు. బండి పక్కకు ఆపండి" అంది లారీ.

మంత్రిగారు ఉలిక్కిపడ్డారు. "ఎవర్రా అది?"

"కెమెరా అయ్యా" అన్నాడు సెంగోడన్.

"ఏ పార్టీది?"

నిజానికి మంత్రిగారు నిద్రపోలేదు. కళ్లు మూసుకుని ప్రజల గురించి ఆలోచిస్తున్నారు. యంత్రానికి ఆ తేడా తెలియదు. పొగడ్త పూర్తయ్యేలోపు అది చాలాసార్లు అలాగే పొరబడింది.

తర్వాత ఊరేగింపు. సెంగోడన్ తోలుతున్నాడు, మంత్రిగారు పక్కన నిలబడి చేతులూపుతున్నారు. శాలువాతో ఒక కార్యకర్త ఎదురొచ్చాడు. బ్రేకు. దండతో ఇంకొకడు. మళ్లీ బ్రేకు. మంత్రిగారి నుదురు రెండుసార్లు అద్దాన్ని ముద్దాడింది.

"కార్యకర్తల్ని నా దగ్గరికి రానివ్వడంలేదిది! పీకెయ్యండి!"

"వద్దయ్యా! దాని కోసమేగా ప్రీమియం తగ్గేది..."

"నీకు ప్రీమియం ముఖ్యమా, ప్రజాస్వామ్యం ముఖ్యమా?"

సెంగోడన్ ఆలోచించుకునేలోపే కార్యదర్శి వైరు పీకేశాడు. లారీ హాయిగా కదిలింది. టపాకాయల పొగలో స్వాగత ద్వారం ఎవరికీ కనిపించలేదు. లారీ గుద్దగానే దాని మీదున్న మంత్రిగారి కటౌటు ఫెళ్లుమని విరిగి బంపరు మీద పడింది.

"ప్రాణనష్టం లేదు! పథకం సక్సెస్!" అని మంత్రిగారు అక్కడికక్కడే ప్రకటించారు. ఆ సమయస్ఫూర్తికి నా కళ్లు చెమర్చాయి.

వారం తిరక్కుండానే ఆదిమూలంగారు ప్రీమియం రెట్టింపు చేశారు.

"తగ్గుతుందన్నారుగా సార్!" అని సెంగోడన్ లబోదిబోమన్నాడు.

"ఇదివరకు నీ బంపరు వట్టి రేకు. సుత్తితో నాలుగు దెబ్బలేస్తే సరిపోయేది. ఇప్పుడు దాంట్లో ఆ బ్రేకు వేయించే రాడార్ ఉంది. దెబ్బ తగలకుండా చూసే వస్తువుకే దెబ్బ తగిలితే ఖర్చెక్కువయ్యా. పైగా నీ డ్రైవరు నిమిషానికోసారి నిద్రపోయాడని కెమెరా చెబుతోంది."

"అది మంత్రిగారు సార్!"

"సీట్లో ఎవరుంటే వాళ్లే డ్రైవరు. రూలుకు మొహమాటం ఉండదు."

సెంగోడన్ నన్ను తోడు తీసుకెళ్లి మంత్రిగారి కాళ్ల మీద పడ్డాడు. ఆయన వెన్నలా కరిగిపోయి ఆదిమూలంగారికి ఫోన్ కొట్టారు.

"ఏమయ్యా, అసలు రోడ్డెక్కని లారీకి ప్రీమియమెంత?... అంతేనా! రాష్ట్రంలోనే తక్కువా!" ఫోన్ పెట్టేసి సెంగోడన్ భుజం తట్టారు. "నీ సమస్య తీరిపోయింది పో. ఇవాళ్టినుంచి నీది మోడల్ లారీ. నా క్యాంపు ఆఫీసు ముందే ఉంటుంది."

పొరపాటున కూడా కదలకూడదని లారీని ఇటుకల మీద నిలబెట్టారు. చక్రాలు విప్పే గౌరవం నాకు దక్కింది.

ఏడాదిలో ఒక్క యాక్సిడెంటూ లేదు. జిల్లా ఉత్తమ సురక్షిత లారీగా అవార్డు ప్రకటించారు. బావమరిది డొక్కు లారీకి కూలి డ్రైవరుగా పోతున్న సెంగోడన్, ఒకపూట సెలవడిగి వేదికెక్కాడు. శాలువా కప్పుతున్న మంత్రిగారి చెవిలో గొణిగాడు.

"అయ్యా, నా బండికి చక్రాలెప్పుడు పెట్టిస్తారు?"

మైకు ఆన్‌లోనే ఉంది. ఆ మాట సభంతా వినిపించింది. మంత్రిగారు ఆదిమూలంగారి వంక చూశారు.

ఆదిమూలంగారు లేచొచ్చి, సెంగోడన్ చెయ్యి ఆప్యాయంగా పట్టుకున్నారు.

"వద్దు నాయనా. చక్రాలు పెడితే ప్రీమియం పెరుగుతుంది."