పరీక్ష తప్పే ప్రయత్నం

2006 వేసవిలో ఒక ఉదయం వెంకటకృష్ణ మాస్టారు ఉప్మా వండుకుని, సగం తిని, డ్రైవింగ్ పరీక్ష ఎలా తప్పాలో కాగితం మీద రాసుకున్నారు.

భార్య రాజ్యశ్రీ పోయి పది నెలలైంది. మోపెడ్ ఆవిడదే. బడికైనా, సంతకైనా ఆవిడ నడిపితే ఆయన వెనక కూర్చునేవారు. ఇప్పుడు తనే నేర్చుకుంటున్నారు. ఎల్ బోర్డు ఉన్నన్నాళ్లూ వెనక లైసెన్సున్న మనిషి ఉండాలని జీపు డ్రైవర్ పూల్‌సింగ్ రోజూ సాయంత్రం వచ్చి, గంటసేపు వెనక కూర్చుని లోకం కబుర్లన్నీ చెప్పేవాడు. చండ్రుగొండలో ఆ ఇంటి తలుపు తట్టే మనిషి అతనొక్కడే. లైసెన్సు వస్తే అతనూ రాడు.

పరీక్ష ఎలా తప్పుతారో కూడా పూల్‌సింగే చెప్పాడు.

"కాలు కింద పెట్టిన్రో, ఫెయిలే సార్. మలుపుకాడ హారన్ కొట్టకుంటే ఫెయిలే. మెల్లగ నడిపితే భయమనుకుంటరు, గదీ ఫెయిలే. అడిగినదానికి తెల్వదన్నరనుకో, ఇగ సీదా ఇంటికే!"

మాస్టారు నాలుగింటికీ వరుస సంఖ్యలు వేసుకున్నారు. పూల్‌సింగ్‌ను వెనక ఎక్కించుకుని కొత్తగూడెం బయల్దేరారు.

పరీక్ష మైదానంలో ముందు వచ్చినవాళ్లంతా హారన్లు మోగిస్తూ, దూసుకుపోతూ ఎనిమిది అంకె చుట్టారు. ఇద్దరు పడ్డారు. మాస్టారు హారన్ ముట్టుకోలేదు. నడిచేవాడు దాటిపోయేంత మెల్లగా వెళ్లారు.

"హమ్మయ్య, ఒక్కరన్న నా చెవులు కాపాడిన్రు" అన్నాడు పరీక్ష పెట్టే ఇన్‌స్పెక్టర్. "చూడున్రి, గంత మెల్లగ పోయినా బండి ఊగలే. పట్టంటే గట్లుండాలె!"

మాస్టారికి కంగారు పుట్టింది. ఆఖరి మలుపులో రెండు కాళ్లూ నేలకు ఆనించి బండి ఆపేశారు. సరిగ్గా అప్పుడే కంచె సందులోంచి ఒక మేక బండి ముందుకు దూకింది.

"శభాష్! పొద్దుగాల్నుంచి దీని మూలంగనే ఇద్దరు పడ్డరు. మీరొక్కరే చూసి ఆగిన్రు."

"నేను దాన్ని చూడలేదండీ."

"గొప్ప చెప్పుకోరు. పంతుళ్లంటే గిట్లుండాలె."

ఇక మిగిలింది నాలుగోది. ఇన్‌స్పెక్టర్ ఒక అట్ట చూపించాడు. హారన్ బొమ్మ, దానిమీద అడ్డగీత.

"ఇదేంది సార్?"

"తెలియదు" అన్నారు మాస్టారు, గట్టిగా.

ఇన్‌స్పెక్టర్ నవ్వాడు. "తెల్వదన్న మనిషిని ఇయ్యాల మిమ్మల్నే చూస్తున్న. తక్కినోళ్లంత నోటికొచ్చింది చెప్పెటోళ్లే. అయినా హారన్ కొట్టకుండ నడిపి చూపించిన్రు కద, ఇగ నోటితోటి చెప్పుడెందుకు?" అని సంతకం చేశాడు.

పూల్‌సింగ్ పరుగున వచ్చి ఎల్ బోర్డు ఊడదీశాడు.

"పాసైన్రు సార్! ఇగ నాతోటి పనేముంది? యాడికన్న ఒక్కరే పోవచ్చు."

మాస్టారు ఆ బోర్డు అందుకుని, ఏం చేయాలో తోచక చంకలో పెట్టుకున్నారు. కాసేపు మోపెడ్ వెనక సీటు వైపు చూశారు. తర్వాత ఆఫీసు కిటికీ దగ్గరికి నడిచి, జీపు నడపడం నేర్చుకోవడానికి దరఖాస్తు ఫారం ఇమ్మన్నారు.

"జీపున్నదా సార్?" అన్నాడు గుమస్తా.

"లేదు."

"కొంటరా?"

"లేదు."

"మరి నేర్చుకొని ఏం జేస్తరు?"

ఆ ప్రశ్న ఫారంలో లేదు కనుక మాస్టారు జవాబు రాయలేదు.