పాత నూనెమిల్లు వీధి ఆకాశానికి మూత

శివరాత్రి వెళ్ళిన కొన్నాళ్ళకి పాత నూనెమిల్లు వీధి మీద ఆకాశానికి చిల్లు పడింది. ఇలాంటివి అప్పుడప్పుడూ జరిగేవే కాబట్టి వీధిలో ఎవరూ గుండెలు బాదుకోలేదు. బకెట్లు బయట పెట్టుకున్నారు, అటక మీది గొడుగులు దింపి దులుపుకున్నారు, బడికెళ్ళే పిల్లల సంచులకి ప్లాస్టిక్ కవర్లు తొడిగారు. పక్క వీధిలో ఎండ మాడ్చేస్తుంటే ఈ వీధిలో మాత్రం పొద్దస్తమానం వాన. ఆ చివర కరెంటు స్తంభం దగ్గర మొదలై ఈ చివర సైకిల్ షాపు దగ్గర ఆగిపోయేది.

భ్రమరాంబ ఒక్కతే ఊరుకోలేదు. ఊరుకుంటే ఆవిడకి గడవదు మరి. డాబా మీద వడియాలు, అప్పడాలు, చల్ల మిరపకాయలు ఎండబెట్టి అమ్ముకునే మనిషి. మాఘంలో మొదలెడితే వైశాఖం దాటేలోగా సరుకంతా గలగలలాడేలా ఎండాలి. ఆ ఎండే ఆవిడకి ఏడాది తిండి. అంతకు ముందు చాలా ఏళ్ళు ఒక ప్లీడరు గారింట్లో వంట చేసింది. వండినదంతా ఇంటిల్లిపాదీ తిన్నాక, మిగిలి చల్లారిపోయింది పెరట్లో గచ్చు మీద కూర్చుని తినేది. ఆ ఇల్లు వదిలి వచ్చిన రోజునే అనుకుంది, మళ్ళీ ఒకరింట్లో గరిటె పట్టనని. వాన మొదలైన వారానికే ప్లీడరు గారి కోడలు కబురు పంపింది. వాన తగ్గేలా లేదు కదా, వచ్చేయమని. ఆ కబురు వినగానే భ్రమరాంబకి ఒళ్ళు మండిపోయింది. అప్పటికప్పుడు చెప్పులేసుకుని మున్సిపల్ ఆఫీసుకి బయల్దేరింది.

అక్కడ అర్జీ దగ్గరే పేచీ వచ్చింది. ఆవిడ అందరూ రాసినట్టే "ఆకాశానికి చిల్లు పడ్డట్టు వాన కురుస్తోంది" అని రాసింది. గుమాస్తా అది చదివి కళ్ళజోడు తీశాడు.

"పడ్డట్టు అంటారేంటండీ? పడిందా, పడ్డట్టుందా? పడ్డట్టుందంటే అది మాటవరసకి అన్నమాట. మాటవరస వానలకి మేం మనుషుల్ని పంపలేం."

భ్రమరాంబ అతని చేతిలో కలం లాక్కుని ఆ మాట కొట్టేసింది. "పడింది. రాశాను. ఇప్పుడు పంపు నాయనా."

పంపారు. ఎందుకు పంపరు? మాట సరిగ్గా ఉంటే పని ఆగదు. ఆకాశం మరమ్మతులు చూసే అసిస్టెంటు ఇంజనీరు జోగారావు వీధి దీపాల నిచ్చెన బండి వేసుకుని వచ్చాడు. ఆ వీధిలో ఆకాశం పెద్ద ఎత్తేం కాదు, వాటర్ ట్యాంకు మీద నిలబడితే తలకి తగులుతుంది. జనం చిల్లు అంటారు, ఆఫీసు రంధ్రం అంటుంది, జోగారావు బెజ్జం అంటాడు. ఆ బెజ్జాన్ని అడ్డంగా కొలిచాడు, నిలువుగా కొలిచాడు, అంచు పట్టుకుని ఆకాశపు రేకు మందం కొలిచాడు. నిలువునా తడిసి దిగి వచ్చాడు గానీ మొహం మాత్రం వెలిగిపోతోంది. పని వచ్చిన మనిషి, అంతకంటే చెప్పుకోవాల్సిందేం లేదు.

"అప్పడమంత ఉందమ్మా బెజ్జం. గుండ్రంగా, చక్కగా పడింది. దీనికి పెట్టే రబ్బరు మూత మెడ సరిగ్గా బెజ్జమంతే ఉండాలి. వదులైతే ఊడి మీ నెత్తిన పడుతుంది, బిగువైతే రేకు చీరుకుపోతుంది. మెడ చుట్టూ ఉండే గాడి రేకు మందానికి సరిపోవాలి. మీ వీధి మీద రేకు పల్చన. కలెక్టరు బంగళా మీద దీనికి రెట్టింపు మందం ఉంటుంది. ఇక మూత తల బెజ్జం కంటే వేలెడు వెడల్పుంటే చాలు, నీటి చుక్క దిగదు."

"మూత పెడితే ఎండ రాదేమో బాబూ?"

"ఎండ బెజ్జంలోంచి రాదమ్మా, రేకులోంచే వడగట్టినట్టు దిగుతుంది. అప్పడమంత మేర నల్లగా ఉంటే మీ డాబాకి వచ్చిన నష్టం లేదు."

భ్రమరాంబ ఆ పూటే మినపప్పు నానబోసింది.

స్టోరు కీపరు పోలినాయుడు దగ్గర ఆ సైజు మూత లేదు. ఉన్న సైజులు రెండే. చొక్కా గుండీ అంత ఒకటి, పెళ్ళి పందిరంత ఒకటి. గుండీ అంతవి పోయినేడు నక్షత్రాల బెజ్జాలు పూడ్చడానికి తెప్పించారట. ఊరంతా వాడేశారు కూడా, అందుకే ఈమధ్య రాత్రిళ్ళు చుక్కలు కనిపించడం లేదు. ఇక మిగిలింది పందిరంతది.

"నా వీధంతా కప్పేస్తుందయ్యా అది!" అంది భ్రమరాంబ.

"మంచి సరుకమ్మగోరూ, ముట్టుకు సూడండి. సినుకు దిగదు," అన్నాడు పోలినాయుడు.

ఆవిడ దాన్ని ముట్టుకోలేదు. జోగారావు చేత బెజ్జం కొలతకి అట్ట కత్తిరించి ఇప్పించుకుని, బస్టాండు వెనకాల రబ్బరు కొట్టుకి వెళ్ళింది. సైజు లేదంటే చేసి ఇమ్మంది, చెయ్యడం కుదరదంటే కుదిరేదాకా ఇక్కడే కూర్చుంటానని స్టూలు లాక్కుంది. కొట్టువాడు ఆవిడ పోరు పడలేక అచ్చు పోసి ఇచ్చాడు. ఆ మూత జోగారావు చేతిలో పెడితే, అతను గాడిలో బొటనవేలు తిప్పి చూశాడు.

"ఎంత బాగా కుదిరిందమ్మా! నా సర్వీసులో ఇంత కరెక్టు మూత చూడలేదు."

"మరింకేం, ఎక్కి పెట్టెయ్."

"కుదరదమ్మా. ఆకాశం ప్రభుత్వానిది, మూత ప్రైవేటుది."

ఆ సంగతి కమిషనరు గారి దాకా వెళ్ళింది. భ్రమరాంబ కూడా వెళ్ళింది. రోజూ వెళ్ళింది. బంట్రోతు లేవమంటే లేచేది, అతను అటు తిరగ్గానే కూర్చునేది. ఇంటి దగ్గర నానిన పప్పు పులిసి కంపు కొడితే పారబోసి, మళ్ళీ నానబోసి వచ్చేది. ఆవిడ పట్టుదల చూసి కమిషనరు గారికి నిజంగానే జాలి వేసింది. జోగారావుని పిలిచి కూర్చోబెట్టి మెల్లిగా చెప్పారు.

"మన స్టోరు మూత మంచిదేనా?"

"మంచిదేనండి."

"అయితే లోపం మూతలో లేదు, బెజ్జంలో ఉంది. సైజు తక్కువ పడింది. సరిచెయ్యండి."

జోగారావు వెళ్ళి రంపానికి పదును పెట్టించాడు. మర్నాడు నిచ్చెన బండి ఎక్కి రంపంతో ఆకాశం కోశాడు. కోస్తున్నంతసేపూ వీధిలో మోకాలి లోతు నీళ్ళు. సైకిళ్ళు కొట్టుకుపోయాయి, భ్రమరాంబ రుబ్బుకున్న మినప్పిండి గిన్నెతో సహా కొట్టుకుపోయింది. బెజ్జం పందిరంత అయ్యాక మూత ఎక్కించారు. మెడ పట్టింది, గాడి కూర్చుంది, తల అతుక్కుంది. పని అయితే వంక పెట్టడానికి లేదు. వాన టక్కున ఆగింది, ఆ వెంటనే వీధి చీకటైపోయింది.

"ఎండేదయ్యా?" అని అరిచింది భ్రమరాంబ.

"వాన ఆగిందా లేదా చెప్పండమ్మా," అన్నాడు వెంట వచ్చిన గుమాస్తా.

"ఆగింది."

"మీ అర్జీలో ఉన్నది వానే. ఎండ గురించి మీరు రాయలేదు."

ఆ మధ్యాహ్నమే ప్లీడరు గారింటి నుంచి మళ్ళీ కబురొచ్చింది. ఈసారి గరిటె కొత్తది కొన్నామని కూడా చెప్పించారు. భ్రమరాంబ గుమ్మంలో కూలబడి ఏడ్చింది. దాచుకోలేదు, గట్టిగానే ఏడ్చింది. ఏడుపయ్యాక మొహం కడుక్కుని కుంపటి రాజేసింది. ఇనప గొట్టం ఎర్రగా కాల్చి, సున్నాలు వేసేవాళ్ళ నిచ్చెన డాబా మీద వేసుకుని, మూతకి బెజ్జం పెట్టేసింది. నీళ్ళు ధారగా మొహాన కొట్టాయి. ఆవిడ కళ్ళు మూసుకుని, ఆవకాయ జాడీ గాజు మూత అందులో అదిమి, రెండు చేతులతో పట్టుకుని అలాగే నిలబడింది. ఆ గాజులోంచి పళ్ళెమంత ఎండ డాబా మీద పడింది. వీధంతా బయటికొచ్చి చూసింది.

జోగారావు పరిగెత్తుకొచ్చాడు. తిడతాడనుకున్నారు. అతను నిచ్చెన ఎక్కి గాజు అంచు తడిమి చూశాడు.

"ఇలా ఉత్తినే పెడితే గాజు రబ్బరుని కోసేస్తుందమ్మా. బెజ్జంలో ఏదైనా ఉంటే దాని అంచు చుట్టూ గ్రోమెట్ ఉండాలి. లోపలి కొలత గాజుకి, గాడి మూత మందానికి. ఉండండి, నా దగ్గరుంది." జేబులోంచి రబ్బరు చుట్టు తీసి బిగించాడు. దొరికితే ఉద్యోగం పోతుందని తెలుసు. అయినా బిగించాడు. అప్పుడు గానీ ఆవిడ చేతులు దించలేదు.

ఉద్యోగం పోలేదు. పదోన్నతి వచ్చింది. విషయం తెలిసిన కమిషనరు గారు ముచ్చటపడి, గాజు కింద రిబ్బను కట్టించి, వీధికి ఎండ సదుపాయం ప్రారంభించారు. చప్పట్లు కొట్టారు. భ్రమరాంబకి శాలువా కప్పారు, అది మొన్నటి వానకి తడిసి ఇంకా ఆరలేదు.

పొద్దున్నే ఎండ పళ్ళెం కరెంటు స్తంభం దగ్గర దిగి, ఇంటింటి డాబా మీదా పాకుతూ సాయంత్రానికి సైకిల్ షాపు గోడెక్కి పోతుంది. వంతులు వేసుకున్నారు. ముందు పసిపిల్లలకి, తరవాత పచ్చళ్ళకి, ఆ తరవాత బట్టలకి. వడియాలకి మధ్యాహ్నం ఇచ్చారు, ఎండ చురుక్కుమనేది అప్పుడే కదా. భ్రమరాంబ సరుకు తగ్గింది గానీ ప్లీడరు గారింటికి మాత్రం వెళ్ళలేదు. పక్క వీధివాళ్ళు వచ్చి ఈ ఏర్పాటంతా చూసి, తమ వీధిలో ఎండ ఒక పద్ధతీ పాడూ లేకుండా అందరి మీదా పడిపోతోందని, తమకీ మూత వెయ్యమని అర్జీ పెట్టుకున్నారు.

వైశాఖంలో ఎదురింటికి హిమజ అని కొత్త కోడలు వచ్చింది. డాబా మీద బట్టలు పట్టుకుని వంతు కోసం నిలబడి అడిగింది.

"పిన్నిగారూ, ఇదివరకు ఇక్కడ డాబా అంతటా ఎండ పడేదిటగా, నిజమేనా?"

"పడేది తల్లీ, ఊరికే పడేది," అంది భ్రమరాంబ, చేట చంకన పెట్టుకుంటూ. "అందుకే ఎవళ్ళకీ దాని విలువ తెలిసేది కాదు. నువ్వు కాస్త జరుగు, నా వెలుగులో నిలబడ్డావు."

హిమజ జరిగింది. భ్రమరాంబ పక్క డాబా మీదికి పాకిపోతున్న ఎండ వెనకాల చేటతో పరిగెత్తింది.