ఉల్లిమడిలో ఎర్త్ కడ్డీ

ఆ శనివారం నార్మన్ వేసుకున్న పథకం చాలా సాదా. ఎనిమిదింటికి టీ, తొమ్మిదింటికి బాత్రూములో కరెంటు షవర్ బిగింపు, పదింటి నుంచి ఉల్లిగడ్డల సేవ. మోకాళ్లు పట్టేసి స్నానపు తొట్టిలోకి కాలెత్తలేని భార్య ఐవీకి షవర్ కావాలి. నార్మన్‌కి ఊరి ఉల్లిగడ్డల పోటీలో కప్పు కావాలి. ఇంగ్లండులో, డరమ్ జిల్లాలోని ఆ పాత బొగ్గుగని ఊళ్లో పసిపిల్లాడి తలంత ఉల్లిగడ్డ పండించలేనివాడు మనిషే కాదు. తొమ్మిదేళ్లుగా మొదటి బహుమతి పక్కింటి స్టాన్లీది, రెండోది నార్మన్‌ది. వచ్చే శనివారం మాత్రం కప్పు తనదేనని నార్మన్‌కి రవ్వంత అనుమానం లేదు.

ఎలక్ట్రీషియన్ లోర్నా వచ్చి, మీటరు పెట్టె తెరిచి, పెదవి విరిచింది.

"ఈ ఇంటికి ఎర్తే లేదు పెద్దాయనా. పాతకాలంలో సీసపు నీళ్ల పైపుకి కట్టారు. పోయినేడు మీ వీధిలో ప్లాస్టిక్ పైపులు వేశారుగా, దాంతో మీ ఎర్తూ పోయింది."

"అరవై ఏళ్లలో ఎవరైనా చచ్చారా?"

"చావకపోతే స్నానం చేసినట్టా?" అంది ఐవీ. "నువ్వు కానీయమ్మా."

"గ్యాస్ పైపుకి పచ్చా పసుపూ చారల తీగ కట్టాలి. బయట నేలలో కడ్డీ దించాలి. నా మిషన్లో రెండు వందల లోపు అంకె రావాలి, నేల ఎంత తడిగా ఉంటే అంకె అంత తగ్గుతుంది. వస్తేనే సర్టిఫికెట్, అది ఉంటేనే షవర్. రూలు రూలే."

గుమ్మం పక్కన కడ్డీ దించితే మిషన్లో నాలుగు వందలు చూపించింది. కంచె పక్కన మూడు వందల ఎనభై. ఏడు వారాలుగా చినుకు లేదు మరి. గొట్టంతో తోటలు తడపకూడదని ఆంక్ష కూడా ఉంది. అది చాలదన్నట్టు, ఉల్లి సంఘం అధ్యక్షుడి హోదాలో స్టాన్లీ అందరి చేతా ప్రమాణం చేయించాడు: మడికి రోజుకి ఒక్క డబ్బా నీళ్లు, మించితే పోటీ నుంచి బయటికే.

"ఎక్కడైనా తడి నేల ఉంటే బావుణ్ణు," అంటూ లోర్నా ఉల్లిమడి వైపు నడిచింది.

"అక్కడొద్దు!" నార్మన్ పరుగెత్తాడు. "వేళ్లు దెబ్బతింటాయి!"

"గట్టున పాతెయ్యమ్మా," అంది ఐవీ.

కడ్డీ వెన్నలో కత్తిలా దిగింది. లోర్నా మిషను చూసి ఎగిరి గంతేసింది. "ఇరవై మూడు! ఇంత మంచి నేల ఈ ఏడు చూళ్లేదు! నాలుగడుగుల లోతుదాకా తడే!"

గోడ మీద స్టాన్లీ తలకాయ లేచింది. "నాలుగడుగులా? ఒక్క డబ్బాతోనే? ఏరా నార్మన్, తెల్లారగట్ల గొట్టం పెడుతున్నావా?"

నార్మన్ మడికి అడ్డంగా నిలబడ్డాడు. తొమ్మిదేళ్ల ఆశ, వారం రోజుల్లో చేతికందాల్సిన కప్పు! అయినా గొంతులో బింకం తగ్గలేదు. "ఆ మిషను తప్పు!"

లోర్నాకి ఒళ్లు మండింది. "నా మిషను తప్పా? నిజాయితీపరుడి మడిలో ఎంతొస్తుందో చూపిస్తా ఉండండి!"

"అమ్మాయ్, ఆగు ఆగు!" అని స్టాన్లీ అరిచేలోపే గోడ దూకి, అతని మడి గట్టున రెండో కడ్డీ దించేసింది.

"పదకొండు," అంది లోర్నా నెమ్మదిగా.

నార్మన్ మడికన్నా ఎక్కువ తడన్నమాట.

"మిషను పాడైనట్టుంది," అన్నాడు స్టాన్లీ.

"పూర్తిగా పాడైంది," అన్నాడు నార్మన్. తొమ్మిదేళ్లలో వాళ్లిద్దరూ ఒక్కమాట మీదకి రావడం అదే మొదలు.

ఐవీ నడుం మీద చేతులు పెట్టుకుంది. "మిషను పాడైతే నాకు షవర్ లేదు. బాగుంటే మీకు పోటీ లేదు. ఏదో ఒకటి తేల్చండి."

నార్మన్ ఉల్లిగడ్డలను చూశాడు, ఐవీ మోకాళ్లను చూశాడు. ఏడుపొచ్చింది. "మిషను బాగానే ఉందమ్మా," అన్నాడు. "సర్టిఫికెట్ రాయి."

ఆ సాయంత్రమే సంఘం గదికి వెళ్లి, తనూ స్టాన్లీ తప్పుకుంటున్నట్టు ఛాతీ విరుచుకుని చెప్పాడు. "మిగతా వాళ్ల మడులూ చూసిపెడతానంది ఆ అమ్మాయి. ఎవరికి కావాలి?" అని కూడా అడిగాడు. తెల్లారేసరికి మిగిలిన ఏడుగురూ నడుంనొప్పని చెప్పి పోటీ నుంచి తప్పుకున్నారు.

ఆ ఏడు కప్పు ఎవరికీ వెళ్లలేదు. సంఘం నిబంధనల్లో మాత్రం కొత్తగా ఒకటి చేరింది: పోటీకి ముందు నెల రోజులు ఉల్లిమడికి పది గజాల లోపు ఎలక్ట్రీషియన్లు రాకూడదు.