చదరంగానికి గొడుగెందుకు

ఎండ ఫెళ్ళున కాస్తున్న శనివారం పొద్దున చంకలో గొడుగు, చేతిలో చదరంగం పెట్టె పట్టుకుని బయల్దేరే మనిషిని చూస్తే ఎవరికైనా అనుమానం రావాలి. క్వాంగ్ దెషున్ మాత్రం తనంత నేర్పుగా అబద్ధమాడేవాడు వూహాన్ మొత్తంలో ఇంకొకడు లేడని గట్టిగా నమ్మాడు. ఉద్యోగమున్నన్నాళ్ళూ సిటీ బస్సు నడిపిన మనిషి. అద్దంలో వెనకవాళ్ళ వేషాలన్నీ కనిపెట్టేవాడు గానీ తన మొహం తనకి ఎప్పుడూ కనబడలేదు, పాపం.

ఆయన వంటింటి గట్టు దగ్గర నిలబడి, నువ్వుల ముద్ద కలిపిన నూడుల్స్ ఆఖరి పోగు నోట్లోకి లాక్కుంటుండగా కూతురు రువోలాన్ పెట్టె అందుకుని చెవి దగ్గర ఊపింది.

"ఏంటి నాన్నా, గుర్రాలూ ఏనుగులూ నిద్రపోతున్నాయా? చప్పుడే లేదు."

"గుడ్డలో చుట్టా. అరిగిపోతున్నాయి."

"మరి గొడుగెందుకు?"

"ఎండకి."

"నీ రంగు గురించి నీకెప్పట్నించి ఇంత బెంగ?"

దెషున్ గొంతులో నూడుల్స్ అడ్డం పడ్డాయి. నిజానికి రువోలాన్ చేతిలోనూ పసుపు గొడుగొకటి ఉంది. నల్లబడతామని ఆడవాళ్ళు ఎండలో గొడుగేసుకోవడం ఆ ఊళ్ళో మామూలే. అయినా ఆయన అడగలేదు. అడిగితే మాట తిరిగి తిరిగి మళ్ళీ తన గొడుగు దగ్గరికే వస్తుందని భయం.

"నాకు క్లినిక్‌లో ఓవర్‌టైం. భోజనానికి రాను," అంది రువోలాన్.

"నాకూ ఆట తెమిలేసరికి పొద్దుపోతుంది," అన్నాడు దెషున్.

ఇద్దరూ చెరో వైపు వెళ్ళారు. ఇద్దరి మొహాల్లోనూ ఒకటే నిశ్చింత.

పెట్టెలో గుర్రాల్లేవు, ఏనుగుల్లేవు. నాలుగు బట్టల క్లిప్పులూ, చుట్టచుట్టిన ఒక కాగితమూ ఉన్నాయి. కాగితం మీద దెషున్ స్వయంగా కుంచె ముంచి రాసిన అక్షరాలు: క్వాంగ్ రువోలాన్, వయసు, ఎత్తు, దంతవైద్యురాలు, పనిచేసే క్లినిక్ పేరు, మృదు స్వభావం. మూల మీద ఫోటో. పార్కులో చెరువు గట్టున శనివారాలు పెళ్ళీడు పిల్లల తల్లిదండ్రులందరూ గొడుగులు తెరిచి నేల మీద వరసగా పెడతారు, వాటికి ఇలాంటి కాగితాలు తగిలిస్తారు. వచ్చేపోయేవాళ్ళు వంగి చదువుతారు. నచ్చితే బేరం మొదలు.

కొత్త సంవత్సరం వసంత పండగ రోజున, ముద్దకుడుములు తింటూ తింటూ రువోలాన్ ఈ సంగతి కనిపెట్టేసింది. చాప్‌స్టిక్స్ బల్లమీద పెట్టేసి, "ఇంకొక్కసారి నన్ను ఆ పార్కులో వంకాయల్లా అమ్మకానికి పెట్టావో, షెన్‌జెన్‌లో మా క్లినిక్ బ్రాంచికి వెళ్ళిపోతా. మళ్ళీ పండక్కి కూడా రాను. రమ్మంటున్నారు, నేనే ఆలోచిస్తున్నా," అంది. అది ఉత్తుత్తి బెదిరింపు కాదని దెషున్‌కి తెలుసు. ఆ పిల్ల పళ్ళు పీకుతానంటే పీకే రకం. భార్య పోయాక ఆ ఇంట్లో మాట్లాడే గొంతు అదొక్కటే. అదీ వెళ్ళిపోతే? ఇక్కడే పెళ్ళి చేసేస్తే వెళ్ళదుగా అని ఆయన లెక్క. అందుకే చదరంగం.

ఆ రోజు అదృష్టం కూడా తలుపు తట్టినట్టే అనిపించింది. పార్కులో సంబంధాలు కుదిర్చే పాంగ్ అక్క, మెట్రోలో ఇంజినీరైన కొడుకున్న ష్వే గారిని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి నిలబెట్టింది.

"పిల్ల కోపిష్టిదా అన్నగారూ?" అంది ష్వే గారు కాగితం మీంచి కళ్ళెత్తకుండా.

"మా అమ్మాయా? దాని గొంతు పక్కగదిలోకి కూడా వినబడదు వదినగారూ," అన్నాడు దెషున్. ఆ పిల్ల నాలుగో అంతస్తులో కేకేస్తే కింద కుక్క బదులు పలుకుతుందన్న సంగతి కాగితంలో లేదు కదా!

"వంట?"

"చేప వండితే చుట్టుపక్కలవాళ్ళు గిన్నెలు పట్టుకొస్తారు." ఇది మాత్రం నిజమే. వాసనకి కంగారుపడి నీళ్ళ గిన్నెలతో వచ్చారొకసారి.

"ఫ్లాటు?"

"నా తర్వాత దానిదే. ఒక్కతే కూతురు."

ష్వే గారు మెత్తబడింది. "అయితే పిల్లలిద్దర్నీ ఒకసారి టీకి..." అని మొదలెట్టేలోగా, ఆమె భుజం వెనక నుంచి బొచ్చు తొడుగు వేసిన పొడుగాటి మైకొకటి పాములా పైకి లేచింది. దాని పక్కన కెమెరా. కెమెరా మీద ఎర్రటి చిన్న దీపం.

దెషున్ ఒక అడుగు వెనక్కేశాడు.

"ఆగకండి గురువుగారూ, చక్కగా మాట్లాడుతున్నారు!" అంది కెమెరా పక్కనున్న అమ్మాయి. "నా పేరు టావ్. సామాన్య జనం ఎలా బతుకుతున్నారో డాక్యుమెంటరీ తీస్తున్నాం. దేశమంతా చూస్తుంది. మేమిక్కడ లేమనుకోండి."

దేశమంతా చూస్తే రువోలాన్ చూడదా? దెషున్‌కి ఇంకేం తోచలేదు. చటుక్కున గొడుగెత్తి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

"అబ్బ! ఇదే కావాలి. కదలొద్దు, కదలొద్దు!" అంటూ కెమెరామన్ ముందుకొచ్చాడు. గొడుగు వెనక కళ్ళు మూసుకున్న దెషున్‌కి అర్థం కావడానికి కాస్త టైం పట్టింది. మొహం దాచాడు, నిజమే. కానీ కెమెరాకి ఎదురుగా ఇప్పుడున్నది కూతురి పేరు, ఫోటో, క్లినిక్. అదీ తన చేత్తో, కుదురుగా పట్టుకుని మరీ.

"చెరిపేయమ్మా! నీకు పుణ్యముంటుంది, అదంతా చెరిపేయ్!"

"అయ్యో, మీ అనుమతి లేకుండా వెయ్యంలెండి," అంది టావ్. "మీ ఒక్కరిదే కాదు, అమ్మాయి ఫోటో కూడా ఉంది కదా, ఆమెనీ అడగాలి. క్లినిక్ పేరు ఇక్కడే ఉందిగా, ఇప్పుడే ఫోన్ చేసేస్తా."

"వద్దు!" అని దెషున్ అనేలోగా ఫోన్ మోగడం, ఎవరో ఎత్తడం జరిగిపోయాయి. ఆయన చొక్కా వీపుకి అతుక్కుపోయింది. టావ్ రెండు ముక్కలు మాట్లాడి ఫోన్ దించింది.

"డాక్టర్ క్వాంగ్ శనివారాలు రారట."

అమ్మయ్య అని దెషున్ ఊపిరి వదిలాడు. వదిలిన ఊపిరి సగంలో ఆగింది. రాదా? మరి ఓవర్‌టైం? అంతలోకే టావ్, "ఆమె సొంత నంబరు చెప్పండి," అంటూ వేలు ఫోన్ మీద పెట్టి నిలబడింది. ఓవర్‌టైం సంగతి తర్వాత, ముందు ప్రాణం.

"అమ్మాయి సంగతి వదిలేయండి తల్లీ. ఆ ముక్క చెరిపేసి, బదులు నన్ను తీసుకోండి. అసలు... అసలు నేనొచ్చింది నా కోసం."

"మీ కోసమంటే?"

"నాకే పెళ్ళి కావాలి."

టావ్ కళ్ళు దీపాల్లా వెలిగాయి. పాంగ్ అక్క నోరు తెరిచింది. ఆ నోరు తెరుచుకుందంటే చెరువు అవతల కప్పలకి కూడా కబురందుతుంది.

"ఏమర్రా, విన్నారా! క్వాంగ్‌కి పెళ్ళాం కావాలంట! ఇన్నాళ్ళూ కూతురి గొడుగు కింద దాక్కుని నా దగ్గర నాటకమాడాడు!"

ష్వే గారి మొహం మాత్రం గడ్డకట్టింది. "ఒక్క మాట అన్నగారూ. మీరు మళ్ళీ పెళ్ళి చేసుకుంటే ఫ్లాటు ఎవరికి?"

"అమ్మాయికే వదినగారూ!"

"కొత్తావిడ ఊరుకుంటుందా? ఆవిడకో కొడుకుంటే?"

"ఏ కొడుకండీ? ఆవిడే ఇంకా లేదు!"

"ఇవాళ లేదు. రేపు?" అని ష్వే గారు ఆ లేని కొడుకుని కోపంగా చూసినట్టు శూన్యంలోకి చూసి, బ్యాగు సర్దుకుని చక్కాపోయింది. మెట్రో ఇంజినీరు అలా వెళ్ళిపోయాడు.

దెషున్ ఆమె వెనక పరిగెత్తబోయాడు. టావ్ ముందుకొచ్చింది. "గురువుగారూ, మాట మాటే. పెద్దవాళ్ళ సంబంధాలు చెరువు అవతలి గట్టున కదా? మీరు అక్కడికొచ్చి వెతుక్కోండి, మేం తీస్తాం. బదులుగా అమ్మాయి ముక్క చెరిపేస్తా. రాకపోతే నంబరివ్వండి."

ఊరేగింపు బయల్దేరింది. ముందు కెమెరా, వెనక్కి నడుస్తూ. తర్వాత గొడుగుతో దెషున్, పోలీసులు పట్టుకెళ్ళే దొంగలా. పక్కన మైకు. వెనక పాంగ్ అక్క, ఆమె పోగుచేసిన అమ్మలక్కలు. చెరువు మీది వంకరటింకర వంతెన దాటుతుంటే ఎక్కడినుంచి వచ్చిందో ఒక మబ్బు ఎండని మింగేసింది. దెషున్ లోపల ఒకటే జపం: అవతల ఒక పది నిమిషాలు నిలబడి, ఎవరికీ నచ్చకుండా బయటపడితే చాలు. ఇల్లూ దక్కుతుంది, పిల్లా దక్కుతుంది.

అవతలి గట్టున అడుగుపెట్టాడో లేదో ఆడవాళ్ళు చుట్టుముట్టారు.

"పెన్షన్ ఎంత?"

"గురకపెడతారా?"

"సాయంత్రాలు మైదానంలో మాతో డాన్సుకి వస్తారా, లేక కుర్చీలో కూలబడతారా?"

"ఆగండాగండి," అని పొట్టి జుట్టున్న ఒకావిడ కళ్ళజోడు సర్దుకుంది. "మిమ్మల్నెక్కడో చూశా. బస్సు నడిపేవారు కదూ? ఓ రోజు నేను చెయ్యెత్తి పరిగెత్తుకొస్తుంటే తలుపు మూసేసి పోయింది మీరే కదూ?"

"నేను కాదమ్మా, నేనందరికీ ఆపేవాణ్ణి!"

"ఆ మొహం నేను మర్చిపోతానా!"

ఎర్రదీపం రెప్పవేయకుండా చూస్తోంది. దెషున్ చెమట తుడుచుకుంటూ, దిక్కులు చూస్తూ, పక్క వరసలోకి జారుకోబోయాడు. అప్పుడే పాంగ్ అక్క, పేరూ ఫోటో చూడకుండా ఒక కాగితం చదువుతూ, దూరం నుంచి అరిచింది.

"ఒరే క్వాంగ్! ఇక్కడ నీకు పోటీ ఉందిరా! వీడూ బస్సు డ్రైవరేనట, వీడికీ ఒక్కతే కూతురట. కానీ ఎంత బంగారంలాంటి మనిషో విను! ‘ఆరోగ్యవంతుడు, గురక లేదు, ఇతరుల వ్యవహారాల్లో తలదూర్చడు, చెప్పిన మాట వింటాడు’."

దెషున్‌కి ఎందుకో ఒళ్ళు మండింది. పెళ్ళి వద్దనే వచ్చాడు, అయినా వేరేవాడు తనకంటే మేలని నలుగురి ముందు అంటే ఎలా ఊరుకుంటాడు? "చెప్పిన మాట వినే డ్రైవరుంటాడా ఎక్కడైనా? ఎవడాడు? చూపించు!" అంటూ జనాన్ని తోసుకుని వెళ్ళాడు. కెమెరా వెంట పరిగెత్తింది.

పసుపు గొడుగు. దాని మీద కాగితం. కాగితం మూలన ఫోటో: పండగనాడు ముద్దకుడుము నోట్లో పెట్టుకోబోతున్న తన మొహం, పక్కనున్నవాళ్ళని కత్తిరించగా మిగిలినది.

గొడుగు వెనక ఎవరో నిలబడి ఉన్నారు. కెమెరా దగ్గరికి రాగానే ఆ మనిషి చటుక్కున గొడుగెత్తి మొహానికి అడ్డం పెట్టుకుంది.

"అబ్బ! ఇదే! కదలొద్దు!" అన్నాడు కెమెరామన్.

దెషున్ కూడా తన గొడుగెత్తేశాడు. తండ్రి మొహం ముందు ఆకుపచ్చ గొడుగు, కూతురి మొహం ముందు పసుపు గొడుగు. రెంటి మధ్యా మైకు ఎటు తిరగాలో తెలియక ఊగింది. చివరికి పసుపు గొడుగు కాస్త కిందికి దిగింది.

"చదరంగం ఎలా సాగుతోంది నాన్నా?"

"ఓవర్‌టైం ఎలా ఉందమ్మా?"

కింద కుక్క బదులు పలికే గొంతు ఇప్పుడు బయటికొచ్చింది. "మళ్ళీ నన్ను అమ్మకానికి పెట్టావా!"

"మరి నువ్వు నన్ను పెట్టావే! షెన్‌జెన్ పోవాలని ముసలాణ్ణి ఎవరికో ఒకరికి అంటగట్టేద్దామనేగా?"

"నువ్వు మాత్రం? నేను పోకుండా ఇక్కడే కట్టిపడేయాలని అంటగడుతున్నావుగా!"

ఇద్దరూ ఆయాసపడుతూ ఆగారు. దెషున్ అడగాల్సింది అడిగేశాడు. "అయితే వెళ్ళిపోతావా?"

రువోలాన్ కాగితం మూల నలుపుతూ నేల చూపులు చూసింది. "వెళ్ళనని నిన్ననే చెప్పేశా."

"ఎందుకు?"

"పండగ నుంచి ప్రతి శనివారం ఇక్కడ నిలబడుతున్నా నాన్నా. నిన్ను రెండోసారి అడిగినవాళ్ళు ఒక్కరూ లేరు. ఇంట్లో ఒంటరిగా వదిలి ఎలా పోను?"

ఇంత చల్లగాలి తగిలినట్టయి దెషున్ గుండె కుదుటపడింది. సరిగ్గా ఒక్క క్షణం. తర్వాత మాటలో మిగతా సగం చెవికెక్కింది.

"ఒక్కరూ అడగలేదా? ఫోటో అలాంటిది పెడితే ఎవరడుగుతారు! కుడుము నోట్లో పెట్టుకుంటున్న ఫోటోనా?"

"నువ్వు నాది క్లినిక్ కార్డు మీది ఫోటో పెట్టలేదూ? అందులో నేను నేరస్తురాలిలా ఉంటా!"

టావ్ మెల్లిగా మధ్యలోకి వచ్చింది. "గురువుగారూ, మీరన్నట్టే మీ అమ్మాయి ముక్క చెరిపేయమంటారా?"

"నాది చెరిపేయ్. దానిది ఉంచు, నలుగురూ చూడాలి," అన్నాడు దెషున్.

"నాది చెరిపేయండి. ఆయనది ఉంచండి, నలుగురూ చూడాలి," అంది రువోలాన్.

టావ్ కెమెరామన్ వైపు చూసింది. అతను దీపం ఆర్పలేదు.

అప్పుడు ఆ మబ్బు ఒక్కసారిగా కురిసింది. జనం తలలు దాచుకుని వంతెన వైపు పరిగెత్తారు. పొట్టి జుట్టావిడ మాత్రం వెళ్ళేముందు పసుపు గొడుగు మీది కాగితాన్ని ఫోన్‌తో ఒక ఫోటో తీసుకుని, "ఈసారి ఆపుతారేమో చూస్తా," అని పోయింది. దెషున్ తన గొడుగుని నేల మీద పెట్టి కుంచె సిరా కరిగిపోకుండా కూతురి కాగితాన్ని దాని కిందికి తోశాడు. రువోలాన్ తండ్రి కాగితాన్ని తన గొడుగు కింద పెట్టి గాలికి ఎగరకుండా కాలు అడ్డం పెట్టింది.

"వచ్చే వారం ఆ పెట్టె తేకు నాన్నా, దండగ బరువు."

"నువ్వూ ఓవర్‌టైం అనకు, క్లినిక్‌కి ఫోన్లు పోతున్నాయి."

రెండు గొడుగులుండి కూడా ఆ రోజు పార్కులో నిలువునా తడిసింది వాళ్ళిద్దరే.