తొంభై ఎనిమిదో గంట

సోమవారం పొద్దున అతని ప్లాన్ చాలా చిన్నది. ఎనిమిదింటికి స్విచ్ వెయ్యాలి, తలుపుకి తాళం వెయ్యాలి, ఆఫీసుకి వెళ్లాలి. శుక్రవారం మధ్యాహ్నం పన్నెండింటికి వంద గంటలు పూర్తవుతాయి. అప్పుడు సెలవు పెట్టి, సోఫాలో కూర్చుని, కొత్త స్పీకర్లలో మొదటి పాట వినాలి.

స్పీకర్లు నడుమెత్తున ఉన్నాయి. వాటిని అమర్చడానికి వచ్చిన పెద్దాయనని అందరూ మాస్టారు అంటారు. ఆదివారం ఆయన గోడ నుంచి, కిటికీ నుంచి టేపు పెట్టి కొలిచి, సోఫా మీద ఒకచోట సుద్దముక్కతో గుర్తు గీశాడు.

"తల సరిగ్గా ఇక్కడుండాలి. జానెడు జరిగినా దండగే. ఇంట్లో ఇంకెవరైనా కూర్చుంటారా?"

"లేదండీ, నేనొక్కణ్ణే."

"చుట్టాలూ, స్నేహితులూ?"

"ఎవరూ రారండీ."

"అదృష్టవంతులు. మంచి సౌండుకి మీ జీవితం అతికినట్టు సరిపోయింది."

తరవాత జాగ్రత్తలు చెప్పాడు. "కొత్త స్పీకర్లు కొత్త చెప్పుల్లాంటివి. వంద గంటలు నడిస్తే గానీ మెత్తబడవు. మధ్యలో ఆపారో, మళ్లీ ఒకటి నుంచి లెక్క. పాటలొద్దు. ఆగకుండా మాట్లాడే మనిషి గొంతు పెట్టండి."

"పక్కవాళ్లకి ఇబ్బంది కదండీ?"

"రెండిట్నీ మూతికి మూతి ఆనించి, ఒకదానికి మాత్రం వైర్లు తారుమారు చెయ్యండి. ఇది ముందుకి తోస్తే అది వెనక్కి లాగుతుంది. రెండు శబ్దాలూ ఒకదాన్నొకటి మింగేస్తాయి. పైన దుప్పటి కప్పితే గోడక్కూడా తెలీదు."

ఆగకుండా మాట్లాడే మనిషి అనగానే అతనికి ఒక్కరే గుర్తొచ్చారు. అక్క.

అక్కది వేరే ఊళ్లో బస్టాండులో ఎంక్వైరీ కౌంటర్ ఉద్యోగం. రోజంతా మైకులో మాట్లాడటం, తిరిగి జవాబు రాకపోవడం ఆమెకి అలవాటే. మూడేళ్లుగా తమ్ముడికి వాయిస్ మెసేజ్‌లు పంపుతూనే ఉంది. ఒక్కొక్కటి పది నిమిషాలకి తక్కువుండదు. మొదట్లో వినేవాడు. విన్నంతసేపూ బాగానే ఉండేది గానీ, ఆమె గొంతు ఆగిపోయాక ఫ్లాట్ రెండింతలు పెద్దదైనట్టుండేది. అందుకని వినడం మానేశాడు. అన్నీ దాచుకోవడం మాత్రం మానలేదు. నాలుగు రోజులుగా కొత్త మెసేజ్ రాలేదని కూడా గమనించాడు. పనిలో ఉందేమో అనుకున్నాడు.

వరస చూడకుండా అన్నీ ఒక పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాడు. మొత్తం ఇరవై అయిదు గంటలు. నాలుగుసార్లు తిరిగితే వంద. లెక్క అంత అందంగా కుదిరిందని మురిసిపోయాడు. ఆదివారం సాయంత్రం ఒక స్పీకర్‌కి వైర్లు తారుమారు చేశాడు. సోమవారం పొద్దున, చేశానో లేదో అని అనుమానమొచ్చి, రెండోదానికీ చేశాడు. రెండిట్నీ తిప్పితే అసలు తిప్పనట్టే. ఆ సంగతి ఇంజనీరింగ్ చదివిన ఆ బుర్రకి తట్టలేదు. ఎందుకైనా మంచిదని చెవుల్లో దూది పెట్టుకుని స్విచ్ వేసి, తాళం వేసి వెళ్లిపోయాడు. ఇంట్లో ఉన్నంతసేపూ ఆ దూది తియ్యలేదు.

మంగళవారం మెట్లు తుడుస్తూ వాచ్‌మన్ ఆ తలుపు దగ్గర ఆగాడు. లోపల ఆడమనిషి గొంతు. "ఏరా, తిన్నావా? మాట్లాడవేంరా? నేనేం తప్పు చేశాన్రా?"

బయట తాళం వేలాడుతోంది. వాచ్‌మన్ చీపురు అక్కడే పడేసి, కింది ఫ్లాట్ టీచరమ్మ దగ్గరికి పరిగెత్తాడు. ఆవిడ రిటైరై ఆరేళ్లయింది. ఒంటరి మనిషి. పైకొచ్చి తలుపుకి చెవి ఆనించింది.

"తిన్నావా?" అంది లోపలి గొంతు మళ్లీ.

టీచరమ్మని ఆ మాట ఎవరైనా అడిగి చాలా కాలమైంది. "నేను తిన్నానమ్మా. నువ్వు తిన్నావా?"

"నా సంగతి వదిలెయ్. మోకాలు మళ్లీ వాచింది."

"అయ్యయ్యో! తాళం వేసి మరీ కొడుతున్నాడా?" అంది టీచరమ్మ.

బుధవారానికి టీచరమ్మ కుర్చీ ఆ తలుపు ముందుకి చేరింది. వాచ్‌మన్ టీ అక్కడికే తెస్తున్నాడు. లోపలి గొంతు శుక్రవారం పదింటికల్లా వస్తానని రోజూ ఒకసారి చెబుతోంది. పాపం బయటపడాలని చూస్తోంది, ఆ టైముకి మనమే విడిపించాలి అని ఇద్దరూ తీర్మానించుకున్నారు. తొందరపడితే వాడేం చేస్తాడో అని భయం.

అయినా గురువారం సాయంత్రం లిఫ్టులో అతను దొరికేసరికి టీచరమ్మ ఆగలేకపోయింది. అతను మర్యాదకి చెవిలో దూది తీశాడు.

"నీ అక్కకి ఒక్క జవాబు చెబితే నోట్లో ముత్యాలు రాలిపోతాయా?"

సౌండు కిందికి వినిపిస్తున్నట్టుందని అతను సిగ్గుపడ్డాడు. "సారీ అండీ. రేపు పన్నెండింటికి అంతా అయిపోతుంది."

"అయిపోతుందా!"

"అవునండీ. దుప్పటి కూడా కప్పాను, అయినా వినిపిస్తోందా? అలా ఆపకుండా వాగిస్తేనే మెత్తబడుతుందని మాస్టారు చెప్పారండీ."

మూడేళ్లలో ఆ బిల్డింగులో అతను ఆడిన మాటల్లో ఇవే ఎక్కువ.

శుక్రవారం పదింటికి టీచరమ్మ పిలిపించిన తాళాలాయన పనిముట్లతో దిగాడు. వాచ్‌మన్ మనసాగక ఆఫీసుకి ఫోన్ చేశాడు. "సార్, మీ తలుపు తీసేస్తున్నారు."

"తీస్తే తియ్యనీ, స్విచ్ మాత్రం ముట్టుకోవద్దను! ఇంకా రెండు గంటలుంది!" అని అతను పరుగందుకున్నాడు. ఆఫీసు వీధి చివరే.

"స్విచ్ ముట్టుకోవద్దంటున్నాడు," అన్నాడు వాచ్‌మన్.

"తలుపుకి కరెంటు పెట్టాడేమో," అని తాళాలాయన చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

అప్పుడే చేతిలో బ్యాగుతో, కాస్త కుంటుతూ, ఒకావిడ మెట్లెక్కి వచ్చింది. "ఏమండీ, మా తమ్ముడుండేది ఇక్కడేనా?"

అదే గొంతు. టీచరమ్మ కుర్చీలోంచి లేచింది. "నువ్వు లోపల ఉన్నావు కదమ్మా!"

లోపల్నించి ఆమే జవాబు చెప్పింది. "ఇదే ఆఖరి మెసేజ్ రా. వచ్చే శుక్రవారం పదింటికల్లా వస్తా. ఇది విన్నావంటే బస్టాండుకి వస్తావు. రాలేదంటే ఇంక నిన్ను విసిగించను. ఒక్కసారి నీ గుమ్మం చూసుకుని, వెనక్కి బస్సెక్కేస్తా."

ఆయాసపడుతూ చివరి మెట్టెక్కిన అతను అది మొదటిసారి విన్నాడు. "కొత్త స్పీకర్లక్కా. వంద గంటలు మోగాలంటే నీ మెసేజ్‌లు పెట్టాను," అన్నాడు.

అక్క తమ్ముణ్ణి చూసింది, తలుపుని చూసింది. "నా మాటలు స్పీకర్లకి వినిపించావు. మరి నువ్వు విన్నావా? నా మోకాలికేమైందో చెప్పు."

అతను తాళంచెవి కోసం జేబులు తడుముకున్నాడు.

"కౌంటర్ మెట్టు దగ్గర జారింది. ఎడమ మోకాలు," అంది టీచరమ్మ. కొట్టాడనుకున్న మాట మింగేసింది.

"బెల్టు వాడుతున్నారు," అన్నాడు వాచ్‌మన్.

"బరువులు ఎత్తొద్దన్నారట కదమ్మా," అని, వచ్చి పావుగంట కూడా కాని తాళాలాయన ఆమె చేతిలో బ్యాగు అందుకోబోయాడు.

అక్క ఇవ్వలేదు. వెనక్కి తిరిగి మెట్లవైపు నడిచింది. అతను తాళం తీసి, లోపలికి దూరి, స్విచ్ కట్టేశాడు. బిల్డింగ్ అంతా ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయింది.

"ఇదిగో, ఇందుకే వినలేదక్కా," అన్నాడు గుమ్మంలోంచి. "నువ్వు ఆగిపోయాక ఇల్లు ఇట్లా ఉంటుంది."

అక్క రెండో మెట్టు మీద ఆగింది. "ఆ ముక్క ఫోన్లో చెప్పడానికేం రోగంరా నీకు?"

వెనక్కొచ్చి, సోఫాలో సరిగ్గా సుద్ద గుర్తు మీద కూలబడింది. టీచరమ్మ తన కుర్చీ లోపలికి జరుపుకుంది. అతను ఏ శబ్దమూ సరిగ్గా చేరని మూలన నేల మీద కూర్చుని, ఎడమ మోకాలి నుంచి మొదలుపెట్టి అన్నీ అడిగాడు.

మధ్యాహ్నం మాస్టారు ఫోన్ చేశాడు. "తొంభై ఎనిమిదిలో ఆపేశారా? సర్లెండి, మళ్లీ ఒకటి నుంచే."

అక్క అప్పటికే మూడో గంటలో ఉంది.