ఘనీ దాచిన ఫేవరెట్టు

ఎల్లారెడ్డిలో గొడుగులు బాగుచేసే ఘనీని అందరూ ఉపాయాల ఘనీ అనేవారమ్మా. అతని ఉపాయం ఒక్కటీ పారిన పాపాన పోలేదు. అందుకే ఆ పేరు అంత గట్టిగా అతుక్కుంది.

భార్య రఫియా తమ్ముడు అహ్మద్ సౌదీలోని దమ్మాంకు పనికి పోయి, అక్కడే కన్నుమూశాడు. అక్కడి మట్టిలోనే పెట్టారు. వాడు పడుకున్న చోటు ఒక్కసారి చూడాలని రఫియా రెండేళ్లుగా ఏడుస్తూనే ఉంది.

తొంభై తొమ్మిదిలో స్వామిదాసు కామారెడ్డిలో ఇంటర్నెట్టు దుకాణం పెట్టాడు. లోకమంతా అందులో కనబడుతుందని వినగానే ఘనీ బస్సెక్కాడు. లోకమంతా కనబడింది, ఆ ఒక్క చోటు తప్ప. చివరికి పచ్చటి చెట్లు, తెల్లటి రాళ్లు ఉన్న ఏదో సమాధుల తోట దొరికింది. ఇదే అదని చెబితే సరి!

రఫియా ముందు వెతుకుతూ కూర్చుంటే గుట్టు రట్టవుతుంది. అందుకే ఆ పేజీని, నచ్చినవి దాచుకునే ఫేవరెట్లలో దాచి, స్వామిదాసుతో "అహ్మద్" అని పేరు పెట్టించాడు. నొక్కగానే తెరుచుకోవాలి, ఆమె నమ్మాలి.

వారం తర్వాత ఆమెను వెంటబెట్టుకొచ్చాడు.

"ఏమయ్యా, గీ డబ్బాల మా తమ్ముడు కనబడతడా?"

"డబ్బా అనకు. జర సూడు!"

ఫేవరెట్లు తెరిస్తే అహ్మద్ లేడు. ఉన్నది ఒక్కటే కంప్యూటరు. వచ్చిన ప్రతివాడూ తనకు నచ్చింది అందులోనే దాచుకునేవాడు. ఘనీ కంగారుగా ఏదో నొక్కాడు. ఒక సినిమా తార నడుం ఊపుతూ ప్రత్యక్షమైంది.

"తోబా! గిదేనా నువ్వు దాసుకున్నది?"

"నాది కాదే! అందరియి కలిసే ఉంటయ్!"

"అయితే నీది గూడ ఉంటది గద."

ఇంకోటి నొక్కితే గడ్డం మేకపోతు గుడ్లురిమింది. అంతలో స్వామిదాసు బల్ల దగ్గర్నుంచి కేకేశాడు.

"ఏం దేవులాడుతున్నవ్ ఘనీ భాయ్? గా సమాధుల తోటనా? నిన్ననే అన్ని సదిరిన. అది స్విట్జర్లాండ్ ఫోటో గద, టూర్ల ఫోల్డర్ల ఏసిన!"

ఘనీ ముఖం ఊచలు విరిగిన గొడుగైంది.

"తెరువు," అంది రఫియా.

తెరిచాడు. చెట్ల వెనక కొండల మీద మంచు. ఆమె చాలాసేపు చూసింది.

"సల్లగున్నది. దమ్మాం ఎండకు వానికి ముక్కుల నెత్తురు కారేది."

"మాఫ్ చెయ్ రఫియా. ఎంత ఎతికినా దొరకలే."

"దొరకదు. ఆడ గోరీల మీద పేర్లు రాయరు. వానితోని పనిచేసినోళ్లు మొన్ననే చెప్పిండ్రు."

"తెలిసే వచ్చినవా! మరి ఎందుకొచ్చినవే?"

"నేను ఏడ్సినప్పుడల్లా గొడుగు సంచి పట్టుకొని బయటికి పోతివి. వాని పేరు ఎత్తకపోతివి. గిప్పుడు వాని కోసం పక్కన కూసుంటనంటే రాకుంట ఉంటనా?"



స్వామిదాసు నొచ్చుకుంటూ వచ్చాడు. "అక్కా, నాకు తెల్వక తీసిన. మళ్ల అహ్మద్ అనే పెట్టాల్నా?"

"వద్దన్నా. గా తోటల ఎవలి తమ్ముడు పండుకున్నడో. మావోని పేరు పెట్టకు."

ఘనీ మెల్లగా లేవబోయాడు.

"ఎటు పోతున్నవ్? గంటకు పైసలు కట్టినవ్ గద," అని రఫియా అతని చెయ్యి పట్టి కూర్చోబెట్టింది. "అయ్యేదాక కూసో. చిన్నప్పుడు వాడు మేకపోతును జూస్తే ఎట్ల ఉరికేటోడో చెప్త, విను."