పచ్చదనం గడువు పొడిగింపు

జిల్లాలోని వరిపొలాలు ఇకమీదట పొలాలు కావనీ, దృశ్యాలనీ పర్యాటక కార్యాలయం ప్రకటించింది. రోడ్డు మలుపులో ఎత్తుగా ఒక చెక్క వేదిక కట్టించి, ప్రకృతి ఎడమవైపున ఉన్నట్టు బాణం గుర్తు వేయించింది. కుడివైపునా పొలమే గానీ, దానికింకా మంజూరు రాలేదు.

ఎడమవైపు రెండెకరాలు ఊరంతా పెద్దమ్మ అని పిలిచే ఒకావిడవి. నాట్లు వేసిన పదో రోజున ఆమె భర్త మడికి నీళ్లు పెట్టి వచ్చి పడుకున్నాడు. మళ్లీ లేవలేదు. అప్పటినుంచీ ఆ పైరును ఆమె ఒక్కతే కనిపెట్టుకుని ఉంది. ఇప్పుడు గింజ గట్టిపడి వెన్ను వంగింది. వానకు ముందే కోస్తే ఆయన చేతి ధాన్యం ఇల్లు చేరుతుంది. ఆమెకు కావలసింది అంతే.

కొడవలి పట్టుకుని చేలో దిగిన రోజే అధికారి వచ్చాడు. పైరు పసుపురంగుకు తిరగడం చూసి కలవరపడ్డాడు. కరపత్రంలో ఆకుపచ్చ అచ్చయింది మరి.

“ఎవర్నడిగి పండించావమ్మా?”

“అడిగి పండుతుందా నాయనా? రోజులు నిండాయి, పండింది.”

“పై ఆదివారం అతిథులొస్తున్నారు. పచ్చదనం గడువు పదిరోజులు పొడిగించాం. అందాకా కొయ్యకు.”

“ఆ ముక్క మబ్బుకి కూడా చెప్పు బాబూ, వింటుందేమో. మా ఆయన వేసిన పంట. నోటికాడికొచ్చింది.”

“జిల్లా పేరు కోసం ఆమాత్రం త్యాగం చెయ్యాలమ్మా” అని అధికారి, చినుకు పడటంతో, గొడుగు విప్పుకున్నాడు.

కొడవలిని దృశ్యభంగకరమైన వస్తువుగా నమోదు చేసి, రసీదు ఇచ్చి తీసుకువెళ్లారు. గట్టుమీద కాపలా పెట్టారు. పిట్టలను మాత్రం అనుమతించారు. అవి ఫొటోల్లో బాగుంటాయి.

ఆ వాన ఐదు రోజులు వదల్లేదు. చేను నేలకు ఒరిగింది. నానిన గింజలు వెన్నుకుండగానే మొలకెత్తాయి. ఆదివారానికి పొలమంతా లేత ఆకుపచ్చగా మారింది. ప్రకృతి కూడా కార్యాలయ ఉత్తర్వును శిరసావహించినదని అధికారి పైకి నివేదిక పంపాడు.

అతిథులు వేదిక ఎక్కి చప్పట్లు కొట్టారు. బురదలో మోకాళ్లమీద కూర్చుని పడిన చేను కింద వెతుకుతున్న పెద్దమ్మను ఒకావిడ పలకరించింది.

“ఏం చేస్తున్నావమ్మా?”

“మొలకెత్తనివి ఏరుతున్నా తల్లీ. ఒక్కపూట కూటికైనా వస్తాయేమోనని.”

“ఎంత అదృష్టమో నీది, రోజూ ఈ అందంలోనే ఉంటావు! కాస్త పక్కకి జరుగుతావా, ఫొటోకి అడ్డొస్తున్నావు.”

పెద్దమ్మ జరిగింది. ఒడిలోని గుప్పెడు వెన్నులు జారిపోకుండా కొంగు బిగించుకుంది.

ఫొటో చక్కగా వచ్చింది. క్యాలెండరు మీదికి కూడా ఎక్కింది. మనలో చాలామంది దాన్ని భోజనాల గదిలో తగిలించుకున్నాం. చూస్తూ తింటే అన్నం రెండు ముద్దలు ఎక్కువే పోతోంది.